పుణ్యం మీది, గ్రిల్లు మాది

మా ఇంట్లో జైలుపక్షులం ఇద్దరం ఉన్నాం. ఒకరు నేను, రెండోవారు మా అత్తగారు. ముందు వరండాకు గ్రిల్లు, పెరటివైపు గ్రిల్లు, వంటింటి కిటికీకి ఊచలు, ఊచల మీద మళ్ళీ ఇనప జాలీ. మావారు ఆఫీసుకీ పిల్లలు కాలేజీకీ వెళ్ళిపోయాక లోపల గడియ పెట్టుకుని మేం కూర్చుంటాం. ఎదురింటి పిట్టగోడ మీద కోతులు వరసగా కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉంటాయి. తల్లికోతి పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని పేలు చూస్తూ, మధ్యమధ్య మా వైపు కూడా ఒక చూపు పారేస్తుంది. మనం జంతుప్రదర్శనశాలకు వెళ్తే టిక్కెట్టు కొనాలి. వాటికి ఆ ఖర్చు కూడా లేదు.

నవ్వుతున్నారా? నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కాని ఇవాళ నేను కాగితం ముందేసుకుని కూర్చున్నది నవ్వించడానికి కాదు, పోట్లాడ్డానికి. అదీ కోతులతో కాదు. వాటికేం, ఎక్కడ తిండి దొరికితే అక్కడ బతకడం నేర్చుకున్నాయి. నా పోట్లాట ఆ నేర్పినవాళ్ళతో.

మాది తెలంగాణలో ఒక మోస్తరు పట్నం. పేరు చెప్పను. చెప్తే మా కాలనీవాళ్ళు నన్ను బతకనివ్వరు. పదిహేనేళ్ళ కిందట మా వీధిలోకి కోతి వస్తే అదొక సంబరం. పిల్లలు కంచాల ముందునుంచి లేచి పరుగెత్తేవాళ్ళు. ఇప్పుడు కోతి వస్తే మేం లోపలికి పరుగెత్తుతున్నాం. తేడా అంతే.

మొన్న వేసవిలో ఏం జరిగిందో చెప్తాను వినండి. రెండు కిలోల మినప్పప్పు నానబోసి, రుబ్బి, బూడిదగుమ్మడి కాయ కొట్టి ముక్కలు కోసి, తెల్లవారుజామున డాబా మీద పాత చీర పరిచి వడియాలు పెట్టాను. రెండు రోజులు కుర్చీ వేసుకుని కాపలా కాశాం. మూడో రోజు కుక్కరు కూసిందని నేను కిందికి దిగాను. అయిదు నిమిషాలు కూడా అయ్యుండదు. పైన దబదబా చప్పుడు. చీర చీరంతా పక్కింటి నీళ్ళ ట్యాంకు మీదికి పోయింది. తిన్నవి తిన్నాయి, తినలేనివి వీధిలోకి విసిరాయి. మా అత్తగారు చేతికర్ర పుచ్చుకుని మెట్లెక్కారు. మలుపులో పెద్దది ఒకటి కూర్చుని పళ్ళు ఇకిలించింది. ఆవిడ వెనకడుగు వేశారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, నాలుగు మెట్లు దొర్లి పడ్డారు. మణికట్టు విరిగింది. ఆరు వారాలు సిమెంటు కట్టు. కట్టు విప్పిన తర్వాత కూడా ఆవిడ మళ్ళీ డాబా ఎక్కలేదు.

సాయంత్రం మావారు వచ్చి అంతా విని అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "ఎవరు పెట్టమన్నారు వడియాలు? బజార్లో దొరుకుతాయిగా?"

దొరుకుతాయి, ఎందుకు దొరకవు? అన్నీ దొరుకుతాయి. కాని ఒక్క మాట అడుగుతాను. డాబా ఎవరిది? ఇల్లు ఆయన పేర రిజిస్టరయింది, సరే. కాని డాబా నాది. మిరపకాయలు అక్కడే ఎండాలి, మాగాయ ముక్కలు అక్కడే ఎండాలి, చింతపండు, కందిపప్పు, పక్కబట్టలు, తలంటుకున్నాక నా జుట్టు, అన్నీ అక్కడే. పక్కింటావిడతో నాలుగు మాటలు పిట్టగోడ మీదుగా అక్కడే. ఆ జాగా కాస్తా పోయింది. రైతుకు పంట పోతే కనీసం పేపర్లో రాస్తారు. ఆడవాళ్ళకు ఎండ పోతే ఎవరు రాస్తారు? అందుకే నేను రాస్తున్నాను.

పగవాడి సంగతి తెలియకుండా పోట్లాటకు దిగకూడదని వీటి గురించి దొరికిందల్లా చదివాను. చెప్పొద్దూ, చదువుతున్నకొద్దీ నాకు కొంచెం గౌరవం కూడా కలిగింది. కోతికి రెండు దవడల్లోనూ సంచులుంటాయి. దొరికింది దొరికినట్టు అందులో కుక్కుకుని, సురక్షితంగా గోడెక్కి, అప్పుడు తీరిగ్గా నములుతుంది. బజారులో దొంగతనానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు దేవుడు ఇంకేం చెయ్యగలడు? కొండముచ్చుకు ఆ సంచులు లేవు. దానిది ఆకులు అరిగించుకునే కడుపు.

అడవిలో ఉంటే ఈ కోతి పొద్దున్నించి సాయంత్రం దాకా కాయా, చిగురూ, పురుగూ ఏరుకోవాలి. పట్నంలో ఒక్క బిస్కెట్ల పొట్లం లాక్కుంటే ఆ పూట గడిచిపోతుంది. మరి మిగిలిన పొద్దు ఏం చెయ్యాలి? కూర్చుని మనల్ని చదువుతుంది. ఏ ఇంట్లో మగవాళ్ళుంటారు, ఏ ఇంట్లో ముసలమ్మ ఒక్కతే ఉంటుంది, ఏ సంచీలో పుస్తకాలుంటాయి, ఏ సంచీలో పళ్ళుంటాయి, అన్నీ దానికి కంఠతా వచ్చు. మా వెనకింట్లో ఫ్రిజ్ తలుపు తెరిచి కోడిగుడ్లు వదిలేసి ద్రాక్షపళ్ళు తీసుకుపోయింది. బృందావనంలో కోతులు యాత్రికుల కళ్ళజోళ్ళు లాక్కుని, పళ్ళరసం పొట్లం ఇస్తే గాని తిరిగి ఇవ్వవని అక్కడికి వెళ్ళొచ్చిన వాళ్ళెవరైనా చెప్తారు. బాలి ద్వీపంలో ఉలువాటు గుడి దగ్గరా ఇదే వ్యాపారం. వయసొచ్చిన కోతులు మనుషులు ఎక్కువ విలువిచ్చే వస్తువులనే ఎంచుకుని, మంచి తిండి వచ్చేదాకా బేరమాడతాయని 2021లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. మా కూరగాయల బజార్లో నాకు చేతగాని బేరం అది.

ఇంకో సంగతి. ఇది మీకు నచ్చుతుంది. కోతుల గుంపులో ఆడపిల్ల పుట్టింటినుంచి కదలదు. అమ్మమ్మ, అమ్మ, కూతుళ్ళు, మనవరాళ్ళు జీవితాంతం ఒకే చోట. మగవాడే పెద్దయ్యాక మూటాముల్లే సర్దుకుని వేరే గుంపుకి ఇల్లరికం పోతాడు. ఎర్రమూతి కోతుల్లోనైతే అక్కచెల్లెళ్ళలో కడగొట్టు పిల్లదే పెద్దరికం. మా అత్తగారికి ఇది చదివి వినిపిస్తే, "అందుకే కాబోలు వాటికంత పొగరు" అన్నారు. ఆవిడ ఆ ఇంటికి పెద్దకోడలు.

సరే, అసలు విషయానికి వస్తాను. ఇంత తెలివైన జంతువు అడవి వదిలి మా గోడ మీదికి ఎందుకొచ్చింది? పిలిస్తే వచ్చింది. మంగళవారం, శనివారం మీ ఊరి ఆంజనేయస్వామి గుడి దగ్గర నిలబడి చూడండి. కారు ఆగుతుంది. పెద్దమనిషి దిగుతాడు. డజన్ల కొద్దీ అరటిపళ్ళు పంచుతాడు. పిల్లలకు చూపిస్తాడు, ఫోటో తీయించుకుంటాడు, దణ్ణం పెట్టుకుని కారెక్కి వెళ్ళిపోతాడు. ఆయన ఇల్లు మూడో వీధిలో ఉండదు, ఏడో అంతస్తులో ఉంటుంది. ఆ పూటకు ఆ గుంపు కడుపు నిండింది. మరి బుధవారం? గురువారం? వారానికి రెండు రోజులు అన్నదానం చేసి అయిదు రోజులు పస్తుపెడితే ఆ గుంపు ఎక్కడికి పోతుంది? వాసన పట్టుకుని మా వంటింటికి వస్తుంది. పుణ్యం ఆయన ఖాతాలో, మణికట్టు మా అత్తగారి ఖాతాలో.

భక్తి లేనిదాన్నని తిట్టకండి. హనుమంతుడికి అప్పాల దండ వేసేదాన్నే. స్వామి సముద్రం దాటి వెళ్ళినవాడు. ఘాట్ రోడ్డు మలుపులో బస్సు కిటికీ కింద చెయ్యి చాపి కూర్చోమని తన వంశానికి ఆయన చెప్పినట్టు నేనెక్కడా వినలేదు.

నిజం దాచకూడదు కనక ఇంకొకటి ఒప్పుకుంటున్నాను. పదిహేనేళ్ళ కిందట వచ్చిన ఆ మొదటి కోతికి మా ఇంటి గుమ్మంలో మిగిలిన గారెలు పెట్టింది నేనే. మా పెద్దవాడు చప్పట్లు కొడుతూ ఉంటే ఇంకోటి పెట్టాను. మర్నాడు అది మరో నలుగురిని వెంటబెట్టుకొచ్చింది. కాబట్టి ఈ తగువులో నేను ఫిర్యాదీనీ, ముద్దాయినీ కూడా.

పావురాలదీ ఇదే కథ. అది పుట్టుకతో కొండచరియల పక్షి. మనం కట్టే అపార్టుమెంటు దాని కంటికి మరో కొండ, బాల్కనీ మరో చరియ. అంతవరకూ దాని ప్రజ్ఞ. కాని హైదరాబాదులో మక్కా మసీదు ముంగిటా, మొజంజాహీ మార్కెట్టు దగ్గరా బస్తాల కొద్దీ జొన్నలు పోసేది మన చేతులే. 2025లో బొంబాయిలో దాదర్ కబూతర్‌ఖానా మూసేస్తే ఎంత గొడవ జరిగిందో చూశాం కదా. పాపం పిచ్చుకకు ఈ విద్యలు అంతగా అబ్బలేదు. పెంకుటింటి చూరు పోగానే చాలా వీధుల్లో అదీ కనపడకుండా పోయింది.

ఇక రెండో పక్షం. పళ్ళు పెట్టేవాళ్ళు మొదటి పక్షమైతే, పట్టించేవాళ్ళు రెండో పక్షం. తమాషా ఏమిటంటే మా కాలనీలో రెండు పక్షాల్లోనూ ఉన్నది ఒకే మనుషులు. మంగళవారం అరటిపళ్ళు, బుధవారం సంఘం సమావేశంలో "కోతుల్ని పట్టించాల్సిందే" అని తీర్మానం. రెండేళ్ళ కిందట ఇంటికి మూడు వందలు చొప్పున చందా వేసుకున్నాం. బోను తెచ్చిన మనుషులు వచ్చారు, పల్లీలు చల్లారు, తలకింతని లెక్కగట్టి పట్టుకుపోయారు. వీధి నెలా పదిహేను రోజులు ప్రశాంతంగా ఉంది. నేను ఆవకాయ కూడా పెట్టుకున్నాను. అంతా ఆ బోనువాళ్ళను మెచ్చుకున్నాం. వాటిని ఎక్కడ వదిలారని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

జవాబు అడక్కుండానే వచ్చింది. మా ఇంట్లో పనిచేసే ఆవిడది ఇక్కడికి ముప్ఫై కిలోమీటర్ల దూరాన ఉన్న పల్లె. సంక్రాంతికి వెళ్ళొచ్చి, అంట్లు తోముతూ మామూలుగా అంది. "మీరు పట్టిచ్చిన కోతులే అమ్మా, రాత్రిపూట వ్యాన్ల తెచ్చి మా ఊరి గుట్ట కాడ ఇడిసిపోయిన్రు. మక్కచేను కంకి మిగల్లే. మా ఆయన పల్లి ఏసుడు బందు వెట్టిండు. పత్తి ఏస్తుండు, పత్తిని కోతులు తినయి గదా. ఇంటెనక సోర, బీర పెట్టుకునేది, అది గూడ లేదు. కూరగాయలు అంగట్ల కొనుక్కస్తున్నం."

చేతిలో ఉన్న ఆవకాయ ముద్ద నాకు గొంతు దిగలేదు. మా వీధికి వచ్చిన నెలా పదిహేను రోజుల సుఖం ఆవిడ పెరట్లోంచి తెచ్చుకున్నదన్నమాట. ఇంకా ఘోరం ఏమిటంటే ఆ ఏర్పాటు మాకైనా ఉపయోగపడలేదు. ఇక్కడ తల్లీపిల్లల్ని విడదీసి సగం గుంపును పట్టుకుపోతే, ఖాళీ అయిన గోడ మీదికి ఇంకో వీధి గుంపు వచ్చి కూర్చుంది. తిండి ఇక్కడే ఉంది కదా మరి!

పట్టి పక్కూళ్ళో వదలడం ఎంత తెలివితక్కువ పనో కోతి కంటే చిరుతపులి బాగా చెప్పింది. పుణె జిల్లా జున్నర్ ప్రాంతంలో చెరుకుతోటల్లో తిరిగే చిరుతల్ని 2001 నుంచి వరసగా పట్టి దూరపు అడవుల్లో వదిలారు. మనుషుల మీద దాడులు తగ్గలేదు, పెరిగాయి. వదిలిన చోట్ల దగ్గర కొత్తగా మొదలయ్యాయి. విద్యా ఆత్రేయ అనే శాస్త్రవేత్త, ఆవిడ సహచరులు ఈ సంగతి లెక్కలతో సహా రాశారు. తన చోటు, తన దారులు తెలిసిన చిరుత మనిషిని తప్పించుకు తిరుగుతుంది. తెలియని చోట దించితే బెదిరిపోతుంది. బొంబాయి నగరం నడుమ ఉన్న సంజయ్ గాంధీ జాతీయ వనంలోనూ బయటినుంచి తెచ్చిన చిరుతల్ని వదిలేవారు. 2002 నుంచి 2004 దాకా ఆ చుట్టుపక్కల వీధుల్లో ఎంతమంది ప్రాణాలు పోయాయో చెప్పలేను, చిన్నపిల్లలు కూడా. ఆ వదలడం ఆపాక, చెత్తకుప్పల గురించీ చీకటిపూట జాగ్రత్తల గురించీ జనంలోకి వెళ్ళి చెప్పాక దాడులు బాగా తగ్గాయి. చిరుతలు మాత్రం అక్కడే ఉన్నాయి. చెత్త ఉంటే కుక్కలుంటాయి, కుక్కలుంటే చిరుత వస్తుంది. మన తిరుమల నడకదారిలో 2023 ఆగస్టులో ఆరేళ్ళ పసిపాప చిరుత నోట పడ్డాక గాని, దారిలో జంతువులకు తిండి పెట్టొద్దన్న మాట మనకు గట్టిగా వినపడలేదు.

ఢిల్లీవాళ్ళ సంగతి చూడండి. 2007లో అక్కడి డిప్యూటీ మేయరు ఒకాయన తన ఇంటి మీదికొచ్చిన కోతుల్ని అదిలిస్తూ పైనుంచి పడి చనిపోయాడు. అదే ఏడాది హైకోర్టు ఆజ్ఞ మీద కోతుల్ని పట్టి ఊరి శివారులో అసోలా అడవికి పంపడం మొదలెట్టారు. ఇరవై వేలకు పైగా పంపారు. పంపి, అవి అక్కడే ఉండాలని బళ్ళ మీద పళ్ళూ కూరగాయలూ తోలారు. అయినా గోడ దాటి వచ్చేవి వచ్చాయి. అంతకుముందు కొండముచ్చుల్ని కట్టి తిప్పితే కోతులు పారిపోయేవి. అది చట్టవిరుద్ధమని 2012లో ఆపారు. అప్పుడు మనుషులకు జీతాలిచ్చి కొండముచ్చులా అరిపించారు. 2023లో జీ-20 దేశాధినేతలు వస్తున్నారని అట్టకొండముచ్చుల్ని కూడా వీధుల్లో నిలబెట్టారు. అట్టబొమ్మకు ఎన్నాళ్ళు భయపడుతుందండీ, మన ఫ్రిజ్ తెరిచే జంతువు?

మనవాళ్ళు 2015లో హరితహారం మొదలెట్టినప్పుడు వానలు వాపసు రావాలి, కోతులు వాపసు పోవాలి అని నినాదం పెట్టారు. వినడానికి ఎంత బాగుంది! కాని ఏ చెట్టును చూసి వాపసు పోవాలి? కోతికి కావలసింది మర్రిపండు, రావిపండు, మేడిపండు, జువ్విపండు, నేరేడు. రోడ్డు వెడల్పు అనగానే ముందు గొడ్డలి పడేది వాటిమీదే. హైదరాబాదు నుంచి చేవెళ్ళ వెళ్ళే దారిలో వందల మర్రిచెట్లను కాపాడుకోడానికి కొంతమంది కోర్టుదాకా ఎక్కాల్సి వచ్చింది. వాటి స్థానంలో మనం నాటినవాటిలో కోనోకార్పస్ ఒకటి. పచ్చగా, గుబురుగా, మంగలి కత్తిరించినట్టు ఉంటుంది. దానికి కోతి తినే పండేదీ?

మరి ఏం చెయ్యమంటావమ్మా అంటారు. మావారూ అదే అంటారు. హిమాచల్ ప్రదేశ్‌లో 2007 నుంచి లక్షకు పైగా కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. చేసి, పట్టిన చోటే వదిలారు. మన నిర్మల్ దగ్గర కూడా 2020 డిసెంబరులో అలాంటి కేంద్రం ఒకటి తెరిచారు. ఒక్కటి! ముప్ఫై మూడు జిల్లాలకు ఒక్కటి ఏ మూలకు? ఇంటికి మూడు వందలు బోనువాళ్ళకు పోసే కాలనీలన్నీ ఆ డబ్బుకు లెక్క అడిగితే ఇంకో నాలుగు తెరవొచ్చు. కాని ఆపరేషన్లు చేసినా, పక్కనే బాగా మేపుతూ ఉంటే ఉపయోగమేముంది? ఏ గుంపుకు తేరగా తిండి దొరికితే ఆ గుంపులో పిల్లలు బతికి బట్టకడతాయి. కాబట్టి ముందు ఆ అరటిగెల ఆపాలి. ఆ తర్వాత గుడి వెనకా, పెళ్ళిమండపం వెనకా ఎంగిలి విస్తళ్ళ కుప్ప. మూతలేని చెత్తకుండీ. బీరువాలో నగకు తాళం వేస్తాం, వీధిలో అన్నానికి మూత వెయ్యం!

వెనకటి సంగతి ఒకటి. 1978 దాకా మనదేశం ఈ ఎర్రమూతి కోతుల్ని ఓడల్లో, విమానాల్లో విదేశాలకు ఎగుమతి చేసింది. పోలియో టీకా తయారీకి, ప్రయోగాలకు. ఆ ఏడాది నిషేధించారు. మంచిపనే. నేను దాన్ని తప్పుపట్టను. కాని ఎగుమతి ఆపినవాళ్ళం చెట్టు కొట్టడం ఆపలేదు, పళ్ళు పంచడం ఆపలేదు. గోదావరికి ఉత్తరాన ఉండాల్సిన ఎర్రమూతి కోతి నది దాటి దక్షిణానికి జరుగుతోందని, నెత్తిమీద జుట్టు టోపీలా ఉండే మన దక్షిణాది పొడుగుతోక కోతి వెనక్కి తగ్గుతోందని 2011లోనే పరిశోధకులు హెచ్చరించారు. చూస్తూ చూస్తూ మనకు సొంతమైన కోతిని కూడా పోగొట్టుకునేలా ఉన్నాం.

నిన్న పొద్దున మా కాలనీ సంఘం పెద్దమనిషి మళ్ళీ వచ్చాడు. చేతిలో కాగితం. కోతుల్ని పట్టించడానికి సంతకాలట, ఈసారి ఇంటికి అయిదు వందలట.

"ఎక్కడ వదుల్తారు అన్నయ్యగారూ?" అన్నాను గ్రిల్లు లోపల్నించే.

"ఎక్కడో అడవిలో వదుల్తారమ్మా, అదంతా వాళ్ళు చూసుకుంటారు."

"ఏ అడవి? పేరు చెప్పండి."

ఆయన నావైపు విచిత్రంగా చూశాడు. "మీ అత్తగారు పడిపోయారు కదమ్మా, మీరే ముందు పెడతారనుకున్నాను" అన్నాడు.

"మంగళవారం గుడి దగ్గర పళ్ళు పంచడం మానతారా మరి?"

దానికి ఆయన ఏమీ అనలేదు. కాగితం ఊచల్లోంచి లోపలికి తోసి, సాయంత్రం మావారితో మాట్లాడతానని వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చాడు కూడా. మావారు చదివి, జేబులోంచి కలం తీసి, నా ముఖం చూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. లోపల్నుంచి మా అత్తగారు, "ఆ పిల్ల పెరట్లో సొరపాదు మళ్ళీ వేసిందేమో కనుక్కోవే" అన్నారు.

కాగితం ఫ్రిజ్ మీద ఉంది. ఫ్రిజ్‌కు తాళం వేశాను.